సీపీ పిల్లలకు ఐక్యూ పరీక్ష: ఎంతవరకు నమ్మొచ్చు? మీ అనుభవాలు చెప్పండి

కావలి అమ్మ
మావాడికి 7 ఏళ్లు, సెరిబ్రల్ పాల్సీ (సీపీ), అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండవు. పుట్టగానే కామెర్లు బాగా ముదిరాయి. చేతులు కుదురుగా నిలవవు, మాట రాదు. వికలాంగుల సర్టిఫికెట్టుకు పోతే చెక్కముక్కలిచ్చి, పలకలో గుంటలు చూపించి, దేంట్లో ఏది పడుతుందో పెట్టమన్నారు. పక్కన స్టాప్‌వాచ్. నక్షత్రం ముక్క పట్టుకునేలోపే చెయ్యి ఎటో పోయింది. బుద్ధిమాంద్యం అని రాసేశారు. ఇంట్లో చూస్తే, వాళ్ల తాత పేకాటలో ముక్క దాస్తే పకపకా నవ్వి పట్టించేది వీడే. తల్లిని కాబట్టి నాకట్టా అనిపిస్తా ఉందా?

సింగరాయకొండ నాన్న
లేదక్కా. ఆ పలక పరీక్షలో ఎంత తొందరగా పెట్టారన్నదే లెక్క. ఇంకోటి మనల్ని అడిగి రాసుకుంటారు చూడండి, సొంతంగా తింటాడా, బొత్తాలు పెట్టుకుంటాడా అని. మా పాపకు మార్కులు అక్కడే పోయాయి. బొత్తాం పెట్టుకోలేదు గానీ ఏ గౌనుకు ఏ బొత్తాం ఊడిందో చెప్పుద్ది.

ఒంగోలు ఫిజియో
సీపీ ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి బుద్ధిమాంద్యం ఉంటుంది, సగం మందికి ఉండదు. నలుగురిలో ఒకరికి మాట రాదు. మాట రానంత మాత్రాన బుద్ధి లేదని కాదు. కామెర్ల వల్ల వచ్చే అథెటాయిడ్ రకంలో (చేతులు, ఒళ్లు వాటంతటవే మెలికలు తిరిగే రకం) దెబ్బ ఎక్కువగా తగిలేది మెదడు లోపల కదలికల్ని అదుపు చేసే బేసల్ గాంగ్లియాకు. వీళ్లలో చాలామందికి ఆలోచన బాగానే ఉంటుంది. అయితే అవే కామెర్లు వినికిడినీ పాడుచేస్తాయి. వినికిడి చూసే బెరా పరీక్ష చేయించారా? సరిగ్గా వినపడని బిడ్డను నోటితో ప్రశ్నలడిగి తెలివి తేల్చడం ఏం న్యాయం?

కోవూరు టీచర్
ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న మా భవిత కేంద్రానికి ఒక పాప వస్తుంది. నెలలు నిండకుండా పుట్టింది, కాళ్లు బిగుసుకుపోయాయి. 47, 38 కలిపితే ఎంతమ్మా అంటే క్షణంలో 85 అంటుంది. అదే లెక్క కాగితం మీదిస్తే ఒకట్ల కింద పదులు రాసి తప్పు చేస్తుంది. కళ్లజోడుతో తీరేది కాదు, కంటికి కనిపించింది ఎక్కడుందో పోల్చుకోవడంలో మెదడు తడబడుతుంది. పెద్ద గళ్ల పుస్తకం ఇచ్చి, పేజీకి ఒక్క లెక్కే రాసి, మిగతాది అట్టముక్కతో కప్పాను. అప్పట్నుంచి తప్పులు బాగా తగ్గాయి. బళ్లో మాత్రం ఇంకా లెక్కలు రాని పిల్ల అనే అంటారు.

నెల్లూరు బీకాం
నాకే సీపీ ఉంది. మాట నిదానం. ఏ ఆఫీసుకు పోయినా నన్ను వదిలేసి మా అమ్మను అడుగుతారు, "బాబు టీ తాగుతాడా?" అని. బాబుకు 22 ఏళ్లు! రాసేటప్పుడు పెన్ను జారకుండా చూసుకోవడానికే సగం ధ్యాస పోతుంది, ఈలోపు వాక్యం మర్చిపోతా. పరీక్షల్లో నేను చెప్తే రాసిపెట్టే స్క్రైబ్‌ను పెట్టుకున్నాక, గంటకు 20 నిమిషాలు అదనంగా ఇచ్చాక మార్కులు మారిపోయాయి. మీవాడికి పొద్దున పూటే పెట్టమనండి. అలిసిపోయాక మాకేదీ రాదు.

చీమకుర్తి అక్క
అందరూ లోపల మేధావులే అన్నట్టు మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. మా చెల్లికి సీపీ, ఫిట్స్, బుద్ధిమాంద్యం మూడూ ఉన్నాయి. సంచి రంగు చూసి పొద్దుటి మాత్రలేవో, రాత్రివేవో తనే తీసిస్తుంది. అంతవరకు రావడానికి ఏళ్లు పట్టింది. ఉన్నదాన్ని లేదనుకుంటే తనకు కావాల్సిన శిక్షణ ఎవరిస్తారు?

సింగరాయకొండ నాన్న
నిజమే అక్కా. కానీ లేనిది రాయించుకోవాల్సిన పనీ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సీపీ చలన వైకల్యం కింద వస్తుంది, బుద్ధిమాంద్యం వేరే. నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్సు కూడా సీపీ ఉంటే చాలు, లక్ష వరకు ఇస్తారు.

కావలి అమ్మ
మరి ఏ పరీక్ష పెట్టమని అడగాలి?

ఒంగోలు ఫిజియో
సైకాలజిస్టును రావెన్స్ రంగుల మ్యాట్రిసెస్ అడగండి. బొమ్మలో ఒక ముక్క లోటు ఉంటుంది, కింద ఆరింటిలో సరిపోయేది చూపించాలి. చేత్తో కాకపోతే చూపుతో. దానికన్నా ముందు అవును, కాదు అని చెప్పే దారి ఒకటి ఖాయంగా ఉండాలి. నెల్లూరులో వికలాంగులకున్న ప్రభుత్వ కేంద్రం సీఆర్‌సీలో అడిగి చూడండి. మీకు చెన్నై దగ్గరే కాబట్టి విద్యాసాగర్ అనే సంస్థ కూడా ఉంది, 1985 నుంచి ఈ పిల్లలతోనే పని వాళ్లది.

కావలి అమ్మ
అవునంటే పైకి చూస్తాడు. కాదంటే నాలుక చాపుతాడు, వాళ్లక్క నేర్పింది. డాక్టరమ్మ ముందు చాపితే ఏమనుకుంటుందో!

నెల్లూరు బీకాం
ఏమీ అనుకోదు, ముందే చెప్పండి. ఇంట్లో చెప్పేటప్పుడు వీడియో తీసి పట్టుకుపోండి.

ఒంగోలు ఫిజియో
ముందు బెరా. దానికి బాబు నిద్రపోవాలి, కాబట్టి ముందురోజు రాత్రి పొద్దుపోయాక పడుకోబెట్టండి, దారిలో బస్సులో నిద్రపోనివ్వొద్దు.