కులం మాటలతో కుంగిపోతున్న తమ్ముడికి ఎలా తోడుండాలి?

ప్రశ్న: తమ్ముడు ఇంజనీరింగ్ రెండో ఏడాది. ర్యాంకు ఎంత, కోటానా అని రూమ్మేట్లు రోజూ గుచ్చుతుంటే మెస్‌కి వెళ్లడం మానేసి బిస్కెట్లతో గడుపుతున్నాడు, నిద్ర లేదు. కౌన్సెలర్ "పట్టించుకోకు, ధ్యానం చెయ్యి" అన్నారట.

జవాబు: అక్కా, ముందు తను చెప్పింది నమ్మండి. "నువ్వే ఎక్కువ ఊహించుకుంటున్నావ్" అనకండి. టెన్షన్ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

జవాబు: ధ్యానం మంచిదే, కానీ గుచ్చేవాళ్లు పక్క మంచం మీదే ఉంటే? గది మార్పించండి. యూజీసీ 2012 నిబంధనల ప్రకారం వివక్ష ఫిర్యాదులు తీసుకునే అధికారి కాలేజీలో ఉండాలి, రాసివ్వండి, అదీ తమ్ముడు సరేనంటేనే. 2016లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థి రోహిత్ వేముల చనిపోయాక కూడా దీన్ని పిల్లల బలహీనత అంటుంటే ఒళ్లు మండుతుంది. అంబేడ్కర్ విద్యార్థి సంఘం సీనియర్లుంటే కలపండి, వాళ్లకి మొదట్నుంచీ వివరించక్కర్లేదు.

అడిగినవారు: ఆదివారం వెళ్తున్నా. ముందు తనతో కూర్చుని తింటా, తర్వాతే గది సంగతి.