ఉలుకూ పలుకూ లేని ఫజ్ పెడల్: ఏ మాట వాడాలి?

ప్రశ్న: ఇంట్లో తయారుచేసుకున్న గిటార్ పెడల్ (కాలితో నొక్కి గిటార్ స్వరాన్ని మార్చే పెట్టె) పనిచేయనప్పుడు ఏమేం చూడాలో వివరిస్తూ ఒక వ్యాసం రాస్తున్నాను. 1966లో లండన్‌లో ఆర్బిటర్ సంస్థ తెచ్చిన ఫజ్ ఫేస్ (స్వరాన్ని గరగరలాడించే పెడల్) సర్క్యూట్‌ను, సిలికాన్ ఎన్‌పీఎన్ రకం ట్రాన్సిస్టర్లతో, నమూనాగా తీసుకున్నాను. "శబ్దం రావడం లేదు", "మూగబోయింది", "మోగడం లేదు", "ఉలుకూ పలుకూ లేదు" అనే వాటిలో శీర్షికకు ఏది తగునో పెద్దలు చెప్పగలరు.

జవాబు: "మూగబోయింది" అంటే అంతకుముందు పలికి ఇప్పుడు ఆగిపోయిందని అర్థం కనుక, ఇంకా ఒక్కసారైనా పలకని పెడల్‌కు అది నప్పదు. గంట మోగుతుంది, డప్పు మోగుతుంది. తీగ మాత్రం పలుకుతుంది. "శబ్దం రావడం లేదు" తప్పు కాదు గాని మరీ వదులైన మాట. గిటార్ స్వరం రాకపోయినా స్పీకర్‌లో గుయ్యిమని రొద వస్తూండవచ్చు, అదీ శబ్దమే. పైగా ఆ రొద ఉందంటే గ్రౌండ్ వైరు ఎక్కడో ఊడిందని మొదట అనుమానించాలి.

నా ఓటు "ఉలుకూ పలుకూ లేదు" అన్నదానికే. వాడి వాడి ఇందులో రెండు మాటలున్నాయన్న సంగతి మరిచిపోతాం. ఉలుకు ఉలిక్కిపడటంలోని కదలిక, పలుకు నోటి మాట. పెడల్ విషయంలో ఉలుకు కరెంటుది, పలుకు గిటార్ సంకేతానిది. ముందుగా పెడల్‌ను బైపాస్‌లో, అంటే సంకేతం బోర్డును తాకకుండా నేరుగా దాటిపోయేలా, ఉంచి తీగ మీటండి. అప్పుడు కూడా పలకకపోతే లోపం కేబుల్ దూర్చే జాక్‌లలోనో, కాలి స్విచ్ తీగల్లోనో, కేబుల్‌లోనో ఉంటుంది తప్ప బోర్డు జోలికి పోనక్కరలేదు. బైపాస్‌లో పలికి, ఎఫెక్ట్ వేయగానే ఆగిపోతే బోర్డును, దానికి వెళ్లే తీగలను చూడాలి.

మరొకరి జవాబు: విభజన బాగుంది కాని ఒక అభ్యంతరం ఉంది. ఎల్‌ఈడీ వెలిగినంత మాత్రాన "ఉలుకు ఉంది" అని రాయకండి. దాని తీగ వేరు, బోర్డుకు వెళ్లే తీగ వేరు. మీటర్‌తో బోర్డు మీదే 9 వోల్టులు కొలవాలి. బ్యాటరీతో నడిచే పెడళ్లలో బ్యాటరీ నెగటివ్ తీగను స్టీరియో ఇన్‌పుట్ జాక్ రింగ్ కాలికి కలుపుతారు. గిటార్ ప్లగ్ దూర్చినప్పుడే ఆ రింగ్ గ్రౌండ్‌తో కలిసి సర్క్యూట్ పూర్తవుతుంది. ఆ తీగను వేరే కాలికి అతికిస్తే నిజంగానే ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు.

ఇక "పలుకు" అనే క్రియకు ఇంకో సౌలభ్యం ఉంది: "ఎంతవరకు పలుకుతోంది?" అని అడగవచ్చు. యాంప్లిఫయర్ నుంచి వచ్చే కేబుల్ సంకేతపు తీగ చివర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికించి, దాని గ్రౌండ్‌ను పెడల్ గ్రౌండ్‌కు కలిపి, ఒకరు గిటార్ మీటుతుండగా కెపాసిటర్ రెండో కాలితో ఇన్‌పుట్ జాక్, మొదటి ట్రాన్సిస్టర్ బేస్ కాలు, దాని కలెక్టర్ కాలు, రెండోదాని కలెక్టర్, వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచి తగ్గించే గుబ్బ) మధ్యకాలు అనే వరుసలో తాకుతూ పోతే, ఎక్కడ పలుకు ఆగిందో దానికి కాస్త ముందే దోషం దొరుకుతుంది. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర 4.5 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి; 9కి అంటుకుపోయినా, సున్నాకు పడిపోయినా అక్కడ పలుకును ఆశించలేం.

ప్రశ్నించినవారు: ఇద్దరికీ ధన్యవాదాలు. "ఉలుకు", "పలుకు" అని రెండు భాగాలుగానే రాస్తాను. పైకి అతికినట్టే ఉండి లోపల కరెంటు పారని సోల్డర్‌ను "చల్లని అతుకు" అనవచ్చునా?

జవాబు: అనకండి, చదివేవారు చేత్తో తాకి చూస్తారు. మరమ్మతు దుకాణాల్లో "డ్రై సోల్డరింగ్" అంటే అందరికీ తెలుస్తుంది, అదే ఉంచండి. తెలుగు మాటే కావాలంటే "పొల్లు అతుకు" అనండి. గింజలేని ధాన్యంలాగా పైకి నిండుగా కనిపించి లోపల ఏమీ ఉండదు. అచ్చు తోడులేని హల్లును కూడా మనం నకారప్పొల్లు అన్నట్టు పొల్లనే అంటాం కాబట్టి తెలుగు మాటల మీద మక్కువున్న ఈ గుంపులో ఆ మాటకు ఆదరణ కూడా ఉంటుంది. గుర్తుపట్టే తీరు మాత్రం తప్పక రాయండి: సీసం కలిసిన టంకం సరిగా పడితే మెరుస్తూ నున్నగా కాలి చుట్టూ పాకుతుంది, పొల్లుది మసకగా, గరుకుగా, ఉండకట్టినట్టు ఉంటుంది. కొద్దిగా ఫ్లక్స్ (టంకం బాగా పాకేందుకు వేసే పదార్థం) వేసి మళ్లీ వేడిచేస్తే చాలు.

మరొకరి జవాబు: ఒక్క చేర్పు. బయటి దేశాల లేఅవుట్లలో (భాగాల అమరిక పటాల్లో) 2ఎన్3904 అనే ట్రాన్సిస్టర్ ఉన్నచోట మన దుకాణాల్లో సులువుగా దొరికే బీసీ547 వేస్తే దాన్ని తిప్పి పెట్టాలి. చదునువైపు మనకెదురుగా, కాళ్లు కిందికి ఉంచితే మొదటిది ఎడమనుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. రెండోది కలెక్టర్, బేస్, ఎమిటర్. తిరగేసి పెడితే అసలు పలకకపోవచ్చు, లేదా చచ్చుగా, సన్నగా పలకవచ్చు. కనుక "సన్నగా పలుకుతోంది" అన్నదానికి వ్యాసంలో విడిగా ఒక పేరా కేటాయించండి.