కటకమా, మసూరమా, బిళ్ళా?

మొన్న ఫిబ్రవరి 28న సైన్స్ డే అని మా ఆఫీసు నుంచి కొందరం ఇక్కడ బెంగళూరులోనే ఒక కన్నడ మీడియం బడికి వెళ్ళాం. నా పని ఫోన్ కెమెరాల లెన్స్ డిజైన్ కాబట్టి సంచీలో నాలుగు లెన్సులు వేసుకెళ్ళా. ఒకటి చేతికిచ్చి ఇదేంటి అంటే ఒక పాప టక్కున "పీన మసూర" అంది. నాకు పప్పు గుర్తొచ్చింది! కన్నడ పాఠాల్లో లెన్స్ అంటే మసూరమేనట, పీన అంటే ఉబ్బినది, నిమ్న అంటే లోపలికి పోయినది.

తమాషా ఏంటంటే లాటిన్‌లో లెన్స్ అన్నా ఆ గింజే. మొక్క శాస్త్రీయ నామం ఇప్పటికీ లెన్స్ కులినారిస్. గాజుబిళ్ళ ఆ గింజ ఆకారంలో ఉందని దానికీ అదే పేరు పెట్టారు. ఇంటికొచ్చి డబ్బాలోంచి మైసూరు పప్పు తీసి చూశా (మసూర్ కాస్తా మన నోట్లో పడి మైసూరైంది). గుండుపప్పు రెండువైపులా ఉబ్బి ద్వికుంభాకార కటకం, బద్ద ఒకవైపు చదునుగా సమతల కుంభాకార కటకం. "రాళ్ళేమైనా ఉన్నాయా" అంది మా ఆవిడ.

మరి తెలుగు పాఠాల్లో లెన్స్‌కి వాడే మన కటకం? నిఘంటువు తీస్తే కడియం, సేన, రాజధాని అని ఉంటుంది, ఒడిశాలో కటక్ ఈ మాటే. కుంభాకారంలో కుంభంలా ఉబ్బు, పుటాకారంలో పుటం అంటే దొప్పలా గుంట, ఈ రెండూ ఎంత చక్కగా కళ్ళకు కడతాయో, పక్కనున్న కటకం అంత మొద్దుగా ఉంటుంది. పరీక్ష పేపరు బయట ఈ మాట వాడినవాళ్ళని నేను చూడలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆకారాన్ని బట్టి పెట్టిన పేర్లకి మా పనిలో కాలం చెల్లుతోంది. ఫోన్ లెన్స్ అంటే చిన్న గొట్టంలో ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆరేడు ప్లాస్టిక్ ముక్కలు, 6పి, 7పి అంటాం, పి అంటే ప్లాస్టిక్. చివరి ముక్క సాధారణంగా నడుమ గుంటగా, అంచుల దగ్గర ఉబ్బుగా అలలా ఉంటుంది. దాన్ని కుంభాకారం అనాలా పుటాకారం అనాలా? అది చాలదన్నట్టు మెటాలెన్స్ వచ్చింది. 2016లో హార్వర్డ్‌లో ఫెడెరికో కపాస్సో అనే శాస్త్రవేత్త బృందం చదునైన గాజు పలక మీద టైటానియం డయాక్సైడ్‌తో 600 నానోమీటర్ల ఎత్తు స్తంభాలు నిలబెట్టి కంటికి కనిపించే కాంతిని ఫోకస్ చేసి చూపించింది. మామూలు లెన్స్‌లో మందం చేసే పని ఇందులో ఆ స్తంభాల అమరిక చేస్తుంది, ఉబ్బు లేదు, గుంట లేదు. 2018లో హార్వర్డ్ వాళ్ళు, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వాళ్ళు కలిసి దీన్ని ఎండోస్కోపు కొసన పెట్టి గొర్రె ఊపిరితిత్తుల గొట్టాల గోడ లోపలి పొరల్ని కూడా చూశారు. ఒక్కో రంగుకీ ఫోకస్ ఒక్కో చోట పడటం దీనితో పెద్ద తలనొప్పి, అది వేరే కథ. నా ప్రశ్న ఒకటే, దీన్ని తెలుగులో ఏమందాం? కామెంట్లలో చెప్పండి.

— బాబూ, ముప్పై ఏళ్ళు ఫిజికల్ సైన్స్ చెప్పినవాణ్ణి. కటకం మొద్దు మాట అంటే ఒప్పుకోను. పదోక్లాసు పాసైన ప్రతివాడికీ తెలిసిన మాట అది. పైగా కడియం ఉబ్బూ కాదు గుంటా కాదు, గుండ్రం అంతే. మీ చదును లెన్స్‌కి సరిగ్గా సరిపోతుంది.

— చెన్నై నుంచండీ. తమిళంలో లెన్స్‌ని విల్లై అని కూడా అంటారు, మాత్రకి కూడా అదే మాట. మన బిళ్ళ లాంటిదే. గాజుబిళ్ళ అని మీరే రాశారు, చూసుకోలేదా?

నిజమేనండీ, చూసుకోలేదు! మాస్టారూ, కడియం మాట బాగుంది గానీ కడియానికి నడుమ బొక్క ఉంటుంది కదా. పోయినేడు అమ్మకి శుక్లాల ఆపరేషనైంది. డాక్టరు ఇంట్రాఆక్యులర్ లెన్స్ అన్నాడు, రిపోర్టులో ఐఓఎల్ అని ఉంది, అమ్మ మాత్రం ఊరికి ఫోన్ చేసి "కంట్లో బిళ్ళ వేశారే" అంది. అవతలున్న పిన్నికి మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు. నా ఓటు బిళ్ళకే.

— రూపాయి బిళ్ళ, జడబిళ్ళ, తొక్కుడుబిళ్ళ. అన్నీ చదునే కదయ్యా. అప్పుడు నీ మెటాలెన్స్ బిళ్ళ అవుతుంది సరే, ఉబ్బిన పాత లెన్స్‌ని ఏమంటావు?

ఇప్పుడే అమ్మ మందుల డబ్బా తీసి చూశా మాస్టారూ. బీపీ బిళ్ళ ద్వికుంభాకారం.