సమస్యాపూరణం: పడుచునుండు నెప్పుడు గాని పడదు నేల

ఈ వారం సమస్య తేటగీతి (నాలుగు పాదాల తెలుగు పద్యం) నాలుగో పాదం. మొదటి మూడు పాదాలు మీరు రాసి పద్యం పూర్తి చేయాలి:

"పడుచునుండు నెప్పుడు గాని పడదు నేల"

విషయం రాకెట్లు, అంతరిక్ష నౌకలు. చివర "నేలఁ బడదు" అని అన్వయించుకోండి. గణాలు, యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో ఒక చోటి అక్షరానికీ కుదరాల్సిన మైత్రి) ఎలాగూ చూస్తాను. ఈసారి శాస్త్రం కూడా చూస్తాను. శాస్త్రం తప్పితే యతి తప్పినట్టే లెక్క.

విజయవాడ మాస్టారి పూరణ

కొండపైన ఫిరంగిలో గుండు పెట్టి
వేగమును బెంచి పేల్చిన విడక పుడమి
వంపు వెంబడి యదియును వంగి సాగి
పడుచునుండు నెప్పుడు గాని పడదు నేల

నిర్వాహకుడు: మాస్టారూ, అభినందనలు. న్యూటన్ ఊహించిన ఫిరంగిని నాలుగు పాదాల్లో ఇమిడ్చారు. మూడో పాదంలోని "వంగి" పద్యానికి ప్రాణం. గుండు వంగుతోంది, కింద భూమీ వంగుతోంది. ఈ రెండూ ఎలా సరిపోతాయో కొత్తవాళ్ల కోసం మీరే చెబితే బాగుంటుంది.

విజయవాడ మాస్టారు: చేతిలోంచి జారిన వస్తువు మొదటి సెకనులో దాదాపు 5 మీటర్లు పడుతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి 8 కిలోమీటర్లు ముందుకు వెళ్లేసరికి నేల కూడా దాదాపు 5 మీటర్లు కిందికి వంగిపోతుంది. అంటే సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా వెళ్లే వస్తువు ఎంత పడుతుందో, నేల అంతే తప్పుకుంటుంది. గాలి అడ్డం లేకపోతే కథ అలా సాగుతూనే ఉంటుంది.

సూళ్లూరుపేట సభ్యుడి పూరణ

గాలి దన్నుచు రాకెట్టు గగన మెక్కి
భూమి యాకర్షణమ్మును పూర్తిగాను
విడిచి శూన్యాన తేలుచు విశ్వమందు
పడుచునుండు నెప్పుడు గాని పడదు నేల

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది, యతులన్నీ కుదిరాయి. పేచీ భావంతోనే. భూమి ఆకర్షణను పూర్తిగా విడిచిన వస్తువు ఇంక దేని వైపు పడుతుంది? మూడో పాదం దాకా మీరు చెప్పింది నాలుగో పాదాన్నే కాదంటోంది. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దగ్గర కూడా భూమ్యాకర్షణ ఇక్కడున్నదాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. ఆ పట్టు లేకపోతే కేంద్రం భూమిని చుట్టదు, తిన్నగా వెళ్లిపోతుంది.

ఇక "గాలి దన్నుచు". రాకెట్ గాలిని తన్ని లేవదు. తన కడుపులోని ఇంధనాన్ని మండించి, ఆ వాయువులను వెనక్కి విసిరి, ఆ విసురుకు ఎదురుగా ముందుకు పోతుంది. అందుకే గాలి లేని చోట ఇంకా బాగా పనిచేస్తుంది.

సూళ్లూరుపేట సభ్యుడు: 2023 జూలై 14న మధ్యాహ్నం 2:35కి చంద్రయాన్-3 లేవడం మా మేడ మీది నుంచి చూశాం. ముందు వెలుగు, తెల్లటి పొగ కనిపించాయి. దాదాపు నిమిషం తర్వాత గాని మోత రాలేదు. వచ్చాక కిటికీ రెక్కలు అదిరాయి. ఆ మోత వింటే గాలిని తన్నుకుంటూ పోతున్నట్టే అనిపిస్తుంది. సవరించాను, చూడండి:

తనదు పొగనె తా వెనుకకు తన్ని లేచి
భూమి యాకర్షణమె తన్ను పొదివి పట్ట
పక్కవాటు పరుగుతోడ బాట సాగి
పడుచునుండు నెప్పుడు గాని పడదు నేల

నిర్వాహకుడు: సవరణ మొదటి పద్యం కన్నా ఎంతో మిన్న. "ఆకర్షణమె తన్ను పొదివి పట్ట" అన్నచోట సమస్య ముడి విడిపోయింది. రాకెట్ నిట్టనిలువుగా లేచినా, కాసేపటికే ఒరగడం మొదలుపెడుతుంది. ఎత్తు ఒక్కటే చాలదు, అడ్డంగా వేగం కావాలి. "పక్కవాటు పరుగు" ఆ మాటే చెబుతోంది.

హనుమకొండ సోదరి పూరణ

చంద్రయానమ్ము పుడమిని చుట్టి తిరిగి
చూచి దగ్గర వచ్చిన చోట మండి
దూర మింకింత పెంచుచు తొలగి పోయి
పడుచునుండు నెప్పుడు గాని పడదు నేల

నిర్వాహకుడు: అమ్మా, మొదటి పాదంలో యతి తప్పింది. "చం"కు "చు" చెల్లదు, అకారానికి ఉకారంతో మైత్రి లేదు. "చంద్రయానమ్ము పుడమిని సారె సారె / చుట్టి దగ్గర వచ్చిన చోట మండి" అందామా? చ-స మైత్రి ఉంది కాబట్టి సరిపోతుంది.

భావం మాత్రం అందరూ ఆగి చూడాల్సింది. ఎల్‌వీఎం3 రాకెట్ పని సుమారు 16 నిమిషాల్లో అయిపోయింది. నౌకను దాదాపు 170 కిలోమీటర్లు దగ్గర, 36,500 కిలోమీటర్లు దూరం ఉండే కోడిగుడ్డు కక్ష్యలో వదిలింది. ఆ తర్వాత నౌక భూమికి బాగా దగ్గరగా, అతి వేగంగా వచ్చినప్పుడు కొన్నిసార్లు ఇంజన్ కాసేపు మండించారు. వేగంగా ఉన్నప్పుడు మండించిన ఇంధనమే ఎక్కువ శక్తినిస్తుంది. అలా కక్ష్య సాగి సాగి, ఆగస్టు 1న చంద్రుడి దారి పట్టి, 5న చంద్రుడి కక్ష్యలో చేరింది. 23న సాయంత్రం 6:04కి దాని ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగింది. 40 రోజుల ప్రయాణంలో మంట ఉన్నది నిమిషాల లెక్కనే, మిగతాదంతా పడటమే. "దగ్గర వచ్చిన చోట మండి" అని ఆ కిటుకును పట్టుకున్నారు.

కరీంనగర్ పెద్దాయన పూరణ

గాలి పొర సోకనంతటి గగనసీమ
నాటి స్కైలాబు వలె రాలి నాశమవక
తనదు కక్ష్యలో మన చేతి తార యొకటి
పడుచునుండు నెప్పుడు గాని పడదు నేల

కరీంనగర్ పెద్దాయన: 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మా నెత్తినే పడుతుందని ఊళ్లో కోళ్లు, మేకలు కోసుకొని తిన్నారు. అందుకే "ఎప్పుడు" అన్న మాటకు షరతు పెట్టాను.

నిర్వాహకుడు: షరతు న్యాయమైనది. పలచటి గాలి కూడా వేగాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది. సూర్యుడు చురుగ్గా ఉన్న కాలంలో పైగాలి వేడెక్కి ఉబ్బడంతో స్కైలాబ్ అనుకున్నదాని కన్నా ముందే దిగజారి, జూలై 11న హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో రాలింది. "మన చేతి తార" ఎంత బాగుందో!

డల్లాస్ సభ్యురాలి పూరణ

చేతి కలమును వదలిన చెంత నిలుచు
మనిషి నౌకయు నొకతీరు మళ్లుచుండ
కలము తోడుగ వారితో కలిసి మెలిసి
పడుచునుండు నెప్పుడు గాని పడదు నేల

నిర్వాహకుడు: ఈ వారం నా ఓటు దీనికే. మిగిలినవారంతా నేల అంటే భూమి అనుకున్నారు, ఈమె నౌక లోపలి నేలను చూశారు. వ్యోమగామి వదిలిన కలం ఆ నేల మీద ఎందుకు పడదు? కలం, మనిషి, నౌక మూడూ ఒకే తీరున పడుతున్నాయి కాబట్టి. బరువు తెలియకపోవడానికి కారణం ఆకర్షణ లేకపోవడం కాదని ఒక్క కలంతో తేల్చేశారు.