వీధి మొగలో మూల వంపు తగ్గించాలి, రేడియస్ ఎంత పెట్టాలో తేలట్లేదు. అర్జెంట్

మాధవధార వాసి
సాయంత్రం ఆరు నుంచి కాగితాలు ముందేసుకుని కూర్చున్నానండి, ఇప్పుడు పదిన్నర, ఒక్క ముక్క తేలలేదు. వైజాగ్ మాధవధారలో మా వీధి పెద్ద రోడ్డులో కలిసే చోట మూల బాగా పెద్ద వంపు తిరిగి వెడల్పుగా ఉంటుంది, బళ్లు బ్రేకు మీద కాలు పెట్టకుండానే తిరిగిపోతాయి. పోయిన నెల మా అమ్మ పాలకి వెళ్లి దాటుతుంటే స్కూటీ అద్దం మోచేతికి తగిలింది, పడలేదు గానీ పాకెట్ జారి పగిలిపోయింది, ఆ పాలు అలా పల్లానికి కారిపోతుంటే ఆవిడ రోడ్డు మధ్యలోనే కదలకుండా నిలబడిపోయింది. అప్పట్నుంచి ఆ మూల దాటట్లేదు, పాలు నేనే తెస్తున్నా. ఫుట్‌పాత్ మూల కొంచెం ముందుకి తెచ్చి అక్కడ మొక్కలు పెడదామని వీధిలో అందరం అనుకున్నాం, సోమవారం అర్జీతో పాటు స్కెచ్ ఇవ్వాలి. మూల వంపుకి రేడియస్ ఎంత పెట్టాలి? నెట్‌లో ఒకళ్లు 2 మీటర్లంటారు, ఒకళ్లు 6, ఇంకొకళ్లు 9. ఒక్క నంబరు చెప్పండి చాలు.

కొలబద్ద
రోడ్డు వెడల్పు ఎంత? ఏ బళ్లు తిరుగుతాయి? కాలువ ఎక్కడుంది? ఇవి లేకుండా నంబరు ఎవరూ చెప్పలేరు.

మొక్కలమ్మ
బాబూ ముందు ఏ మొక్కలు పెడుతున్నారో చెప్పండి, అసలు గొడవంతా అక్కడే వస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో తురాయి చెట్లన్నీ కరెంటు తీగల మీదే పడ్డాయి, తర్వాత తొందరగా పెరుగుతాయని ఊరంతా ఏడాకుల చెట్లు పెట్టేశారు, ఇప్పుడు అక్టోబర్ నవంబర్ వచ్చిందంటే రాత్రిళ్లు ఆ పూల వాసనకి కిటికీలు మూసుకుని పడుకోవాలి. మూల మీద దయచేసి పెద్ద చెట్టు వద్దు, గుబురు పొద అసలే వద్దు. రెండడుగులకి మించి పెరిగేదేదైనా తిరిగే బండికి మనిషిని కనపడనివ్వదు, చిన్న పిల్లలైతే మరీను. బిళ్ళగన్నేరు పెట్టండి, నీళ్లు మర్చిపోయినా బతుకుతుంది, చేదు కాబట్టి ఆవులు నోరు పెట్టవు. నీడ కావాలంటే మూల నుంచి బాగా లోపలికి జరిగి కానుగో వేపో పెట్టుకోండి, కొమ్మలు మనిషి ఎత్తు దాటేదాకా కిందవి కొట్టేస్తూ ఉండాలి. ఇంకో మాట, చెట్టు మొదలు చుట్టూ సిమెంటు వేసేస్తే ఊరుకోకండి, ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని 2013లోనే గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది.

పాత ఓవర్సీరు
ఇంత ప్రయాస ఎందుకండీ, మొగలో ఒక హంప్ వేయిస్తే సరి. కానీ సరిగ్గా వేయించండి. ఇప్పుడు వీధుల్లో రాత్రికి రాత్రి పోసేవి హంపులు కావు, నడుములు విరగ్గొట్టే గట్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఐఆర్‌సీ 99, 1988 నాటిది, అందులో స్పష్టంగా ఉండేది, 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల రేడియస్‌తో గుండ్రటి వీపు, 25 కిలోమీటర్ల స్పీడుకి లెక్కేసింది. స్పీడ్ బ్రేకరంటే ఈ హంపే, టేబుల్ వేరు. టేబుల్ అంటే పైన చదునుగా ఉండి మనుషులు నడిచి దాటేది.

కొలబద్ద
ఆయన అడిగింది మూల గురించి.

ఇసుకతోట కుర్రోడు
ఏటండీ, మూడు రోడ్లు కలిస్తే అది జంక్షన్ ఎలా అవుద్ది, నాలుగుండాల కదా. అర్జీలో జంక్షన్ అని రాస్తే ట్రాఫిక్ వాళ్ల దగ్గరికి వెళ్లమంటారేమో

పాత ఓవర్సీరు
మూడు కలిసినా జంక్షనే నాయనా, టీ జంక్షన్ అంటారు. మన వైజాగ్‌లో బస్సు ఆగిన ప్రతి చోటూ జంక్షనే అనుకో. అర్జీలో "వీధి మొగ" అని రాసి పక్కన ఇంటి నంబరు వెయ్యండి, ఎవరికైనా తెలుస్తుంది.

మాధవధార వాసి
అందరికీ థాంక్స్ అండి కానీ నంబరు... రోడ్డు 30 అడుగులు. ఇప్పుడున్న మూల రేడియస్ తాడు పెట్టి కొలిస్తే సుమారు 20 అడుగులు వచ్చింది. చెత్తబండి, నీళ్ల ట్యాంకరు, పొద్దున్న ఒక స్కూలు బస్సు వస్తాయి.

కొలబద్ద
ఇది మొదట చెప్పాల్సింది. లెక్క చూడండి. పెద్ద రోడ్డు అంచు వెంట తిన్నగా నడిచే మనిషి మీ మొగ దాటాలంటే 30 అడుగులు కాదు, రెండు మూలల వంపూ కలిపి 30+20+20, మొత్తం 70 అడుగులు బళ్ల మధ్య నడవాలి. రేడియస్ 6 అడుగులు చేస్తే అది 42. సెకనుకి మూడడుగులు వేసే పెద్దావిడకి 23 సెకన్లు కాస్తా 14 అవుతుంది. వంపు చిన్నదైతే బండి కూడా స్పీడుగా తిరగలేదు. మనుషులూ బళ్లూ కలిసి తిరిగే చోట గంటకి 30 కిలోమీటర్లు దాటకూడదని రోడ్డు భద్రత మీద చేసిన 2020 స్టాక్‌హోమ్ డిక్లరేషన్‌లో ఉంది, మలుపులో అంతకన్నా బాగా తగ్గాలి.

ఇంకోటి, పాలు పల్లానికి కారాయన్నారు. వీధి వాలా?

మాధవధార వాసి
అవునండి కొండ వైపు నుంచి దిగుతుంది, అందరికీ తెలిసిందే కదా అని రాయలేదు. కాలువ కూడా సరిగ్గా ఆ మూలలోనే, పైన పలకలున్నాయి.

కొలబద్ద
అయితే కథ మారింది. మూల ముందుకి తెచ్చి గట్టు కట్టేస్తే వానకి పైనుంచి వచ్చే నీళ్లు అక్కడే నిలబడతాయి. గట్టులో అడుగు వెడల్పు గండ్లు వదలండి, మొక్కల మట్టి రోడ్డు కన్నా జానెడు కిందకి ఉండాలి, నిండితే మిగిలింది కాలువలోకి పోవాలి. కొండ ఇసుక గండ్లలో పేరుకుంటుంది, ప్రతి వానకీ ఎవరో ఒకరు పారతో తియ్యాలి, ఎవరు తీస్తారో ఇప్పుడే అనుకోండి. పలకల మీద మట్టి పొయ్యొద్దు, పూడిక తియ్యడానికి వచ్చినవాళ్లు మొక్కలు పీకేస్తారు.

రేడియస్ కాగితం మీద తేలదు. ముగ్గుపిండితో కొత్త మూల గీయండి, ఆ మూడు బళ్లనీ తిప్పించి చూడండి. ముందు చక్రం కాదు, వెనక లోపలి చక్రం చూడాలి, అదే మూలని కోసుకుంటూ వస్తుంది.

పాత ఓవర్సీరు
వాలులో హంప్ వేసినా నీళ్లు ఆగుతాయి, నిజమే. అయినా నేను ఇంకా హంపే అంటాను.

సీతమ్మధార శ్రీను
మొగలో కార్లు పెట్టేవాళ్లని ఏం చేస్తారు మరి. మూల మీద, మలుపులో పార్కింగ్ చెయ్యకూడదని రూల్ ఉంది, ఎవరికీ పట్టదు. 2025 మేలో సుప్రీంకోర్టు అడ్డం లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలో బతికే హక్కు ఇచ్చే ఆర్టికల్ 21 కింద హక్కని చెప్పింది కదా, అది అర్జీలో రాయండి అన్నా, బరువుంటుంది.

మొక్కలమ్మ
తొట్లు పెడితే కార్లు రావు. కానీ తొట్టి అంచుకి రేడియం స్టిక్కర్ వెయ్యండి బాబూ, చీకట్లో బైకులవాళ్లు గుద్దుకుంటారు, వాళ్లూ మన పిల్లలే.

మాధవధార వాసి
ఆదివారం పొద్దున్నే గీశానండి, 6 అడుగులకి. చెత్తబండి వెనక చక్రం గీతకి మూడడుగుల దూరంలో పోయింది, డ్రైవరు తమ్ముడు దిగి వచ్చి మరీ చూశాడు. ట్యాంకరు గీతని కొద్దిగా తొక్కింది. స్కూలు బస్సు ఇవాళ రాదు, కానీ ఆ డ్రైవరు మా పక్క వీధిలోనే ఉంటారు, వచ్చి చూసి తన బండికి ఇంకో రెండడుగులు లోపలికి జరపమన్నారు. 8 అడుగులకి చెరిపి మళ్లీ గీశా. మా అమ్మ గేటు దగ్గర్నించి అంతా చూసి, ఎండెక్కాక తనే వచ్చి ఆ ముగ్గు గీత లోపల నిలబడి "ఇంతదాకా నాదేనా" అని అడిగింది.

స్కెచ్ వేసేశా, గండ్లు కూడా పెట్టా. రేపు ఇస్తా. థాంక్స్.

కొలబద్ద
బస్సు తిరిగాక కూడా ఒకసారి చూడండి.

ఇసుకతోట కుర్రోడు
బిళ్ళగన్నేరు నారు ఎక్కడ దొరుకుద్దండి, మా సందులో కూడా పెడదామని