మన పామాయిల్ గెలలు మనకి నచ్చిన ఫ్యాక్టరీకి అమ్ముకునే దారే లేదా?

మట్టల్లో_మనిషి (చింతలపూడి వైపు):

మాది ఎనిమిదెకరాల పామాయిల్ తోటండి. ఎకరానికి 57 మొక్కల చొప్పున మా నాన్న 2009లో వేశారు. అప్పుడాయన చెప్పిన మాట నాకింకా గుర్తు: "వరి లాగా కళ్లంలో కూర్చుని బేరగాడి కోసం ఎదురు చూడక్కర్లేదురా. గెల కోశామా, కాటా పడిందా, డబ్బు బ్యాంకులో పడిందా, అంతే." నిజమే. ఇన్నేళ్లలో ఒక్క గెల అమ్ముడుపోక తోటలో కుళ్లింది లేదు. కానీ ఇన్నేళ్లలో ఒక్కసారైనా బేరమాడిందీ లేదు.

మొన్న ట్రాక్టరు తీసుకెళ్తే కలెక్షన్ సెంటర్లో కొన్ని గెలలు పచ్చివని పక్కకి నెట్టేశారు. మిగతావాటికి కాడ పొడుగుందని నూటికి రెండు కేజీలు తరుగు. ఇదెవరి లెక్క అనడిగితే, కాటా దగ్గర కుర్రాడు ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా "ఇష్టం లేకపోతే తీసుకుపోండి" అన్నాడు. ఎక్కడికి తీసుకుపోను? మా మండలం ఆ సెంటరు పెట్టిన ఫ్యాక్టరీ వాళ్ల జోను, అంటే ఇక్కడి గెలలు వాళ్లకే వెయ్యాలి. రోడ్డెక్కితే గంటలో తెలంగాణలోని అశ్వారావుపేట ఫ్యాక్టరీ గేటు ముందుంటాను. మా బావమరిదికి అటే దమ్మపేటలో తోట ఉంది, వాళ్ల ఓఈఆర్ (గెలల బరువులో దిగే నూనె శాతం, రేటు దాని మీదే కడతారు) మాకంటే ఎక్కువని పండక్కి వచ్చినప్పుడల్లా దెప్పుతాడు.

అడిగేది ఏంటంటే, ఈ జోన్లు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? అవి ఎత్తేస్తే మనకి నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయా, లేక ఇది నా కడుపుమంటేనా?

దమ్మపేట_తోటమాలి:

అన్నా, మీ బావమరిది సగమే చెప్పిండు. మా దిక్కు కూడా జోన్లే. 1993లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ఆయిల్‌పామ్ చట్టమే మాకూ ఉన్నది. అశ్వారావుపేటలో, అప్పారావుపేటలో ఉన్నవి ఆయిల్‌ఫెడ్‌వి, అంటే సహకార సమాఖ్యవి. మాకూ మీకూ ఉన్న ఓఈఆర్ తేడా మీద మీ దగ్గర ఏండ్ల తరబడి గొడవైంది. 2019లో మీ ప్రభుత్వమే ఆ తేడా సొమ్ము ఖజానాలకెళ్లి ఇస్తనన్నది. గుర్తుందా? కంపెనీల జేబులకెళ్లి కాదు, చూసుకోండి.

పాత_కాటా:

తమ్ముడూ, నేను మన వైపే ఒక ఫ్యాక్టరీ యార్డులో పదకొండేళ్లు చేశాను. కాటా, గెలల తనిఖీ రెండూ. ఇప్పుడు ఖాళీగా ఉన్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక చేసుకో.

గెల కోసిన ఇరవై నాలుగు గంటల్లో ఆవిరి పెట్టెలోకి వెళ్లాలి. ఆలస్యమైతే నూనెలో ఆమ్లం పెరుగుతుంది, ధర పోతుంది. మిర్చి టిక్కీల్లాగా కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు కోసం కూర్చునే సరుకు కాదు. పైగా మొక్క నాటితే నాలుగో ఏటికి కాపు, ఆ తర్వాత పాతికేళ్లు అదే చెట్టు. రేటు నచ్చలేదని వచ్చే ఏడాది మొక్కజొన్న వేస్తానంటే కుదరదు. ఫ్యాక్టరీ వాడికీ అదే భయం. కోట్లు పోసి మిల్లు కట్టాక గెలలు పక్క మిల్లుకి పోతే వాడి గతేంటి? అందుకని చట్టంలో ఇద్దరి మెడకీ ఒకే తాడేశారు: జోనులో గెలలు వాడికే వెయ్యాలి, వచ్చిన గెలలన్నీ వాడు కొని తీరాలి. చెరకుకీ ఇదే కథ. 1966 నాటి కేంద్రం ఉత్తర్వుతో ఒక్కో మిల్లుకీ చెరకు ప్రాంతం రిజర్వు చేసేవారు. అది తీసెయ్యమని 2012లో రంగరాజన్ కమిటీ చెప్పింది కూడా.

ఇప్పుడు నీ తరుగు సంగతి. ఎనిమిదెకరాలకి ఎకరాకి ఎనిమిది టన్నులు వేసుకుంటే ఏడాదికి 64 టన్నులు. నూటికి రెండు అంటే 1,280 కిలోలు. టన్ను 18 వేలనుకో, 23 వేల రూపాయలు. నీకు కోపం రావడం న్యాయమే.

కానీ ఓఈఆర్ చూడు. అది ఒక్క శాతం తగ్గిందంటే టన్ను గెలలకి పది కిలోల నూనె తగ్గినట్టు. ముడి నూనె కిలో వంద అనుకుంటే వెయ్యి రూపాయలు. అందులో రైతు వాటా ముప్పాతిక వేసుకున్నా 750. నీ 64 టన్నుల మీద 48 వేలు. కాటా కుర్రాడు నీకు కనపడ్డాడు కాబట్టి వాడితో తగువేసుకున్నావు. ఈ రెండో లెక్క వేసేవాడు నీకు కనపడడు.

అసలు చిక్కు ఇంకోటుంది. ఓఈఆర్ ఫ్యాక్టరీ మొత్తానికి ఏడాది సగటు. నువ్వు బాగా పండనిచ్చి, రాలిన పళ్లు కూడా సంచుల్లో ఏరి తెచ్చినా, పక్క తోట వాడు కోత ముఠా దొరికిన రోజున పచ్చివి నరికి తెచ్చినా, ఇద్దరికీ ఒకటే రేటు. పచ్చి గెల బరువుంటుంది, నూనె ఉండదు. మరి పండేదాకా ఎవడాగుతాడు?

జోను ఎత్తేస్తే ఏమవుతుందో నేను కొంచెం చూశాను. ఒక ఎండాకాలం సరిహద్దు ఊళ్లకి రాత్రిపూట లారీలొచ్చేవి. దళారి టన్నుకి మూడొందలు ఎక్కువిచ్చి, నగదు చేతిలో పెట్టి, పచ్చో పండో చూడకుండా ఎక్కించుకుపోయేవాడు. అది చూసి మా వాళ్లూ యార్డులో తనిఖీ వదిలేశారు. తిప్పి పంపితే ఆ గెల అటు పోతుందని భయం. ఆ ఏడు నూనె శాతం పడిపోయింది. దెబ్బ మాత్రం లారీ ఎక్కించని వాళ్లకి కూడా తగిలింది. అయినా నేను పూర్తిగా కంపెనీ పక్షం కాదులే. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు వాడి మిల్లులో, వాడి ల్యాబులో తేల్చిన నూనె లెక్కనే రైతు నమ్మాలనడం నాకెప్పుడూ మింగుడు పడలేదు.

టంగుటూరు_బ్యారన్:

పామాయిల్ తెలీదు, పొగాకు తెలుసు. అన్నా, కొనేవాళ్లు ఎక్కువైతే రేటొస్తుందని మీరు అనుకుంటన్నారు. మా వేలం కేంద్రానికి రాండి. కాగితం మీద బోలెడు మంది కొనుగోలుదారులు. బేళ్ల వరస మీద నిజంగా పాట పాడేది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాలుగు రోజులు వాళ్లు నో బిడ్ అన్నారంటే బేళ్లు ఇంటికి తోలుకోవాల్సిందే, కిరాయి మనదే. 2020లో రాష్ట్ర ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌ని పాటకి దింపింది. అంతా వాళ్లే కొనాల్సిన పనిలా. ఒకడు బయటోడు వరసలో నిలబడి చెయ్యెత్తేసరికి మిగతావాళ్లు కూడా చేతులు ఎత్తక తప్పలా. అదీ నేను చూసిన పోటీ.

మట్టల్లో_మనిషి:

టంగుటూరన్నా, మీరు చెప్తుంటే మా కోకో గుర్తొచ్చింది. చెట్ల మధ్య కోకో ఉంది మాకు. దానికి జోన్లూ లేవు, చట్టమూ లేదు, ఎవరికైనా అమ్ముకోవచ్చు. 2024 ఎండాకాలంలో గింజలు కిలో వెయ్యి దాకా పోతే కంపెనీల వాళ్లు ఇంటికొచ్చి టీ తాగి మరీ కొన్నారు. 2025లో అదే గింజ సగానికి పడిపోయింది, ఫోన్ ఎత్తేవాడు లేడు. రైతులు ఏలూరులో రోడ్డెక్కాల్సొచ్చింది. జోను లేని దగ్గర జోను కావాలనిపిస్తుంది, ఉన్న దగ్గర తెంపేద్దామనిపిస్తుంది.

గెలల రేటు కూడా 2022 ఎండాకాలంలో 23 వేల దాకా పోయి, మరుసటి ఏటికి 13 వేల దరిదాపుల్లోకొచ్చింది. అది మా ఫ్యాక్టరీ చేతిలోనూ లేదు, మలేషియా రేటు, ఢిల్లీ వాళ్ల దిగుమతి సుంకం. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద సుంకం అన్నీ కలిపి 27.5 శాతం చేశారు, 2025 మే నెలాఖరుకి 16.5కి దించారు. వాటి మీద మనమేం చెయ్యగలం.

కాటా బాబాయ్ గారూ, మీ లెక్క మా ఆవిడకి చదివి వినిపించాను. 48 వేల దగ్గర ఆవిడ మళ్లీ చదవమంది. ఓఈఆర్ రోజువారీ పుస్తకం రైతులకి చూపించమని అడగొచ్చాండి? బయట వాళ్ల చేత పరీక్ష చేయించమనొచ్చా?

పాత_కాటా:

అడుగు. ఒక్కడివే కాదు, ఊళ్లో పదిమంది సంతకాలతో కలెక్టరుకి రాయండి. పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది కదా, గెలలో నూనె శాతం తేల్చడం వాళ్ల పనే. వాళ్ల మనిషిని మిల్లులో కూర్చోబెట్టమనండి. నవంబరులో ఓఈఆర్ లెక్కకట్టే కొత్త ఆయిల్ సంవత్సరం మొదలవుతుంది, ఆ లోపే కదలండి.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. పక్కకి నెట్టారన్న గెలల కింద కోసేటప్పుడు ఎన్ని పళ్లు రాలి ఉన్నాయి? ఐదు నుంచి పది రాలితే పండినట్టు.

మట్టల్లో_మనిషి:

ఒకటో రెండో ఉంటాయండి. ముఠా వాళ్లకి కామవరపుకోటలో పెళ్లుందంటే మూడు రోజులు ముందే కోయించాను.