హుస్సేన్ సాగర్ బురదలో కరెంటు: బాక్టీరియా ఇస్తోందా, సల్ఫైడా?

సూక్ష్మజీవశాస్త్రం తెలిసినవారు ఎవరైనా కాస్త దారి చూపగలరా? హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. హుస్సేన్ సాగర్ అడుగు బురదతో మైక్రోబియల్ ఫ్యూయల్ సెల్ (బాక్టీరియా వదిలే ఎలక్ట్రాన్లతో కరెంటు ఇచ్చే సెల్) పెట్టాను. ఆనోడ్‌కు (ఆ ఎలక్ట్రాన్లను అందుకునే ఎలక్ట్రోడ్) కార్బన్ ఫెల్ట్, ఆహారంగా అసిటేట్. కరెంటు వస్తోంది, ఎవరి పుణ్యమో తేలడం లేదు.

ఇలా కరెంటు ఇచ్చే బాక్టీరియాల్లో ఒకటైన జియోబాక్టర్ అయితే ఎలక్ట్రోడ్‌ను అంటిపెట్టుకుని పెరగాలి. జియోబాక్టర్ సల్ఫర్‌రెడ్యూసెన్స్ జన్యుక్రమం 2003లో వెలువడింది. అందులో ఎలక్ట్రాన్లను చేరవేసే సి-రకం సైటోక్రోమ్ ప్రోటీన్ల జన్యువులే వందకు పైగా ఉన్నాయి. వాటిలో ఒకటైన ఓఎమ్‌సీఎస్ ప్రోటీన్ అణువులు వరుసగా కలిసి సన్నని తీగలా ఏర్పడతాయని 2019లో తేలింది. ఎలక్ట్రాన్లు ఆ తీగ గుండా పోతాయి. షెవానెల్లా అనే మరో బాక్టీరియా దారి వేరు, అది ఫ్లేవిన్లనే చిన్న అణువులను ద్రవంలోకి వదిలి వాటితోనూ ఎలక్ట్రాన్లను మోయిస్తుంది.

మోసేవి ద్రవంలో ఉంటే ద్రవం మార్చగానే కరెంటు పడిపోవాలి, అందుకే మార్చి చూశాను. కరెంటు బాగా పడిపోయి, మెల్లగా లేచింది. షెవానెల్లా అనుకుందామంటే షెవానెల్లా ఒనిడెన్సిస్ ఆక్సిజన్ లేనిచోట అసిటేట్‌తో బతకలేదు కదా! పైగా సెల్ మూత తీస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన. సల్ఫేట్‌ను క్షయకరించే బాక్టీరియా చేసిన సల్ఫైడ్ నేరుగా ఆనోడ్ మీద ఆక్సీకరణం చెందుతోందేమోనని నా అనుమానం.

సల్ఫేట్ జీవులను ఆపడానికి సోడియం మాలిబ్డేట్ వేస్తే జియోబాక్టర్‌కూ దెబ్బ తగులుతుందా? ఎంత మోతాదు వాడారు? లేక సల్ఫేట్ లేని మాధ్యమానికి మారడమే మేలా? ఓఎమ్‌సీఎస్ జన్యువుకు పీసీఆర్ (ఆ జన్యువు ఉందో లేదో తేల్చే పరీక్ష) చేద్దామనుకున్నాను, కానీ ఆ జన్యువు జియోబాక్టర్ జాతులన్నిటిలో ఉండదు. 16ఎస్ సీక్వెన్సింగ్ (ఏయే బాక్టీరియా ఉన్నాయో జన్యువు చదివి తేల్చే పద్ధతి) ఖర్చు భరించలేను, కాబట్టి దయచేసి చవకైన ఉపాయాలే చెప్పండి.